నా ఏడుపుకు ఇంకొకరి పేరు

సినిమా అయిపోయి పేర్లు పైకి జరుగుతుంటే, ధర్మపురి థియేటర్లో చివరిదాకా కూర్చున్నది నేనూ మా ఆయనా మాత్రమే. మిగతావాళ్లంతా బయట హీరోయిన్‌తో ఫోటోలు దిగుతున్నారు. తెరమీద వంటవాళ్ల పేర్లు ఫోటోలతో సహా వచ్చాయి. వ్యాన్లు నడిపినవాళ్ల పేర్లు వచ్చాయి. ఒక సన్నివేశంలో ఒక గేదె దారికి అడ్డంగా నడిచిపోతుంది. దాన్ని తోలుకొచ్చిన పెన్నాగరం రైతు పేరు కూడా వచ్చింది. ఆఖరున "ధర్మపురి ప్రజలకు కృతజ్ఞతలు" అని వచ్చి తెర తెల్లబడింది. నా పేరు రాలేదు.

"ధర్మపురి ప్రజల్లో నువ్వూ ఉండావు కదా, రా పోదాం" అన్నాడు మా ఆయన. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు.

ఆ సినిమా చూసినవాళ్లు ఎక్కువగా మాట్లాడుకున్నది ఒక ఏడుపు గురించి. కథానాయిక ఒక ముసలామె శవం పక్కన కూర్చుని నాలుగు నిమిషాలు ఏడుస్తుంది. తెరమీద మొహం ఆమెది. గొంతు నాది. మాటలూ నావే. ఈ ఒక్క సంగతి ఆ పేర్ల మధ్య రాయించుకోవడానికి ఏడాదిన్నర పోట్లాడాను.

మాది తమిళనాడు ధర్మపురి బజారులో పాత్రల అంగడి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్లలో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదవగలిగినవాళ్లు దాదాపుగా లేరు. నాకు చదవడం వచ్చు. మా పుట్టిల్లు పాపిరెడ్డిపట్టి. మా నాన్న ఎక్కడినుంచో ఒక పాత వాచకం సంపాదించి, బడినుంచి రాగానే నన్ను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను ఆ వాచకం పెట్టెలోంచి తీస్తే మా అత్త చూసి, "అంగడి బోర్డు తమిళంలో ఉండాది. నీకు ఇది దేనికి?" అంది. ఆ మాట అని ఇరవై ఏడేళ్లయింది.

దేనికో తెలిసిన రోజు కూడా వచ్చింది. హైదరాబాదు నుంచి సినిమావాళ్లు వచ్చారు. దర్శకుడి సహాయకుడు, గడ్డం పెంచుకున్న కుర్రవాడు, అంగడికొచ్చి ఇక్కడి తెలుగు మాట్లాడుతూ తెలుగు కాగితం చదవగలిగిన ఆడమనిషి కావాలన్నాడు. బజారంతా వెతికితే నేనొక్కదాన్నే దొరికాను.

కథ అతను చెప్పినట్టే చెబుతాను. హైదరాబాదులో అవకాశాలు లేని ఒక నటి ఉంటుంది. విదేశాల్లో బహుమతులు తెచ్చుకునే ఒక పెద్ద దర్శకుడు, కెమెరా ముందు ఎప్పుడూ నిలబడని పల్లెటూరి మనిషినే తన సినిమాలో పెట్టుకుంటానని ప్రకటిస్తాడు. ఈమె పాత చీర కట్టుకుని మా వైపు ఒక ఊరికి వచ్చి, మాట నేర్చుకుని, చావు ఇళ్లలో ఏడ్చే మనిషిగా తయారవుతుంది. ఆయన వచ్చి ఆమెను "కనిపెడతాడు". బహుమతి వస్తుంది. "ఇది నటన కాదు, జీవితం" అని ఆయన వేదికమీద కన్నీళ్లు తుడుచుకుంటాడు. జనం నవ్వాలి. నాకు కథ నచ్చింది. మోసాన్ని వెక్కిరించే సినిమా తీసేవాళ్లు మోసం చేయరనుకున్నాను.

ఆ వేషం వేసిన అమ్మాయికి కూడా నిజంగానే ఎనిమిదేళ్లుగా సరైన అవకాశం లేదట. మా ఇంట్లో పన్నెండు రోజులు ఉంది. పన్నెండు అని ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఆమె కోసం అదనంగా పోయించుకున్న పాలకు కేలండర్‌మీద గీతలు పెట్టాను. నన్ను "అక్కా" అని పిలిచేది. సహాయకుడు మాత్రం "ఆంటీ" అనేవాడు, అతని తల్లి వయసు నాది కాకపోయినా. రాగి సంగటి చేసి పెడితే ఆమె ఒక ముద్ద తిని, ఫోటో తీసుకుని, పక్కకు జరిపేసింది. అయినా మాట త్వరగా పట్టుకుంది. "వచ్చాను" వదిలి "వచ్చినాను" అనడం, "ఉంది"ని "ఉండాది" చేయడం వారంలో వచ్చేశాయి. రానిదల్లా ఏడుపు.

కన్నీళ్లు ఆమెకు చెప్పిన క్షణం వచ్చేవి. కానీ చావు ఇంట్లో ఏడ్చే ఏడుపుకు కన్నీళ్లతో పెద్ద పనిలేదు. తమిళంవాళ్లలాగే మేమూ దాన్ని ఒప్పారి అంటాం. మాట ఎత్తుకుంటే చివరిదాకా ఒకే ఊపిరిలో పోవాలి. ఊపిరి అయిపోయే చోట గొంతు తెగాలి. కాగితంమీద వాళ్లు రాసుకొచ్చింది "నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్లిపోయావా అత్తమ్మా" అని.

"ఇట్లా మా ఇండ్లలో ఎవురూ ఏడ్వరు" అన్నాను.

"మరి ఎలా ఏడుస్తారక్కా?"

"తిడతారు."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. మా ఇళ్లలో అత్త పోతే కోడలు ఆమెను పొగడదు. బతికుండగా పెట్టిన కష్టాలన్నీ శవం ముందు, అందరూ వింటుండగా, పేరుపేరునా చెబుతుంది. ఆ చెప్పింది మొగుడు గానీ ఆడబిడ్డ గానీ తర్వాత ఎత్తి అడగకూడదు. కర్మ అయ్యాక కోడలు కూడా ఆ మాటలు మళ్లీ నోట తేకూడదు. అక్కడితో సరి. ఇంకో పద్ధతి కూడా ఉంది. మొదటి ఏడుపు పెద్ద కోడలిది. ఆమె ఎత్తుకున్నాకే మిగతావాళ్లు.

నేను పెద్ద కోడల్ని. తొమ్మిదేళ్ల కిందట మా అత్త పోయినప్పుడు, ఆమెను వాకిట్లో పడుకోబెట్టి, నేను తల దగ్గర కూర్చోబోతుంటే, బొమ్మిడినుంచి అప్పుడే వచ్చిన మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుని వెనక్కి పెట్టింది. "నువ్వు ఆగు వదినా. అమ్మ నాకు అమ్మ" అని తాను ఎత్తుకుంది. వచ్చినవాళ్లందరూ చూశారు. నేను వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాను. ఆ రోజు గానీ, కర్మ అయ్యేదాకా గానీ, ఒక్క మాట ఏడవలేదు. రాతి గుండె అన్నారు. అనుకోనీ అనుకున్నాను. నా చోటు తీసుకున్నప్పుడు నా ఏడుపు ఎందుకివ్వాలి?

అమ్మాయికి ఏడుపు రాలేదని చెప్పి, షూటింగ్ అయిపోయాక నన్ను బెంగళూరులో ఒక స్టూడియోకు రమ్మన్నారు. మా ఆయన తోడొచ్చాడు. సహాయకుడు చెవులకు పెట్టుకునేవి నా తలకు తగిలిస్తూ, "ఇది పైలట్ ట్రాక్ మాత్రమే ఆంటీ. మేడమ్ వినడానికి. విని, తన గొంతుతో మళ్లీ చెబుతారు" అన్నాడు. ఈ మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

ఒకసారి ఏడ్చాను. అద్దం అవతలినుంచి అతని గొంతు వచ్చింది.

"బాగుందాంటీ. కానీ ఇంకొంచెం రియల్‌గా కావాలి."

"నేను రియల్ కాకపోతే ఇంకేమి నాయనా?"

"అంటే... నిజంగా పల్లెటూరి ఆవిడ ఏడ్చినట్టు."

నాకు ఒళ్లు మండింది. ఎదురుగా పడుకున్న మనిషి లేకుండా ఒప్పారి రాదు, ఏదైనా పెట్టమన్నాను. ఒక పొడుగాటి దిండు తెచ్చి కుర్చీల మీద పెట్టారు. దాని తలవైపు కూర్చున్నాను. ఈసారి నన్నెవరూ వెనక్కి పెట్టలేదు.

"తాళంచెవి బొడ్లో పెట్టుకునే పోతావా అత్తా, ఉప్పు డబ్బాకు తాళమేసినావే, ఉప్పు అడిగితే ఎంత కావాలని చిటికె చూపించమన్నావే. సంతకు పోతే నీ కూతురికి రెండు మూర్ల మల్లెలు, నాకు వాడిపోయిన ముక్క తెచ్చినావే. నా చేతి కాఫీ తాగనని పొరుగింటికి పోయి తాగినావే, కడాకు నా చేతి నీళ్లే గొంతులో పోయించుకున్నావే, ఎట్లున్నాయి అత్తా, చెప్పకుండా పోతావా..."

ఇంకా చాలా ఉంది. రాయను. కర్మ ఎప్పుడో అయిపోయింది, ఇంతే ఎక్కువ.

ఆపేసరికి అద్దం అవతల మిషన్ దగ్గర కూర్చున్నతను తల దించుకుని ఉన్నాడు. అమ్మాయి లోపలికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నాకిది రాదక్కా" అంది. సహాయకుడు "సూపర్ ఆంటీ, టీ తాగుతారా?" అన్నాడు. బయట బెంచీమీద కూర్చున్న మా ఆయనకు ఏమీ వినపడలేదు. "అయిందా?" అన్నాడు. "అయింది" అన్నాను. లోపల ఎవరిని ఏడ్చానో చెప్పలేదు.

తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను. పైలట్ అన్నది అట్లాగే సినిమాలో పెట్టేశారు. ఆ అమ్మాయి ఒక ఇంటర్వ్యూలో, ధర్మపురిలో ఆరు నెలలు ఉండి ఆడవాళ్ల దగ్గర ఏడుపు నేర్చుకున్నానని, ఆ సన్నివేశంలో ఏడుపు తన లోపలినుంచి దానంతటదే వచ్చిందని చెప్పింది. ఆరు నెలలట! కేలండర్ తీసి గీతలు మళ్లీ చూసుకున్నాను.

సహాయకుడు ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను ఉత్తరాలు మొదలుపెట్టాను. అన్నీ రిజిస్టరు పోస్టులో, అందినట్టు సంతకం తిరిగొచ్చేట్టు. నాలుగో ఉత్తరానికి దర్శకుడే ఫోన్ చేశాడు.

"అమ్మా, సినిమా అంటేనే ఒకరి మొహం, ఒకరి గొంతు. మీరు పెద్దవారు, అర్థం చేసుకోవాలి."

"అర్థమైంది సార్. ఆ గొంతు ఎవురిదో రాయండి."

"ఆ అమ్మాయి పేరు ఒక అవార్డు పరిశీలనలో ఉంది. గొంతు ఆమెది కాదని తెలిస్తే తీసేస్తారు. ఒక ఆడపిల్ల భవిష్యత్తు."

"మీ సినిమాలో దర్శకుడు కూడా అచ్చం ఇట్లే మాట్లాడతాడు కదా సార్? జనం భలే నవ్వినారు."

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాడు.

ఆ అమ్మాయి కూడా ఒకసారి చేసింది. "ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిందక్కా ఇది. మీరు కాదంటే మళ్లీ మొదటికే" అని ఏడ్చింది. అది నిజం ఏడుపే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. పన్నెండు రోజులు ఉన్నానని చెప్పి ఉంటే ఊరుకునేదాన్నేమో. "ఆరు నెలలని ఎందుకు చెప్పినావు?" అని అడిగాను. షాట్‌కు పిలుస్తున్నారని పెట్టేసింది. ఆ అవార్డు చివరికి ఇంకెవరికో వచ్చింది. కాబట్టి ఇక ఆమెకు పోయేదేమీ లేదు కదా అని అయిదో ఉత్తరం రాశాను. దానికి అందినట్టు సంతకం మాత్రమే తిరిగొచ్చింది. "గొంతు నీదని సాక్ష్యం ఏముండాది? స్టూడియోలో విన్నవాళ్లంతా వాళ్ల మనుషులే" అన్నాడు మా ఆయన. ఆయన చెప్పినవాటిలో అదొక్కటి సరైన మాట.

సినిమా ఫోన్లలోకి వచ్చిన వారానికి, ఒక ఉదయం మా ఆడబిడ్డ బొమ్మిడినుంచి చెప్పకుండా వచ్చింది. చెప్పులు విడిచీ విడవకముందే అడిగింది.

"వదినా, సినిమాలో ఏడ్చింది నువ్వేనా?"

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పాల? ఉప్పు డబ్బాకు తాళమేసిన అత్తలు ఈ జిల్లాలో ఎంతమంది ఉండారు? నీ గొంతు నాకు తెలీదా? ఇన్నేండ్లూ నామీద అరిచిన గొంతే కదా!"

ఏడాదిన్నరగా ఆ ఒక్క మాట ఎవరైనా అంటారా అని చూస్తున్నాను. అన్నది ఈమె.

"అమ్మ పోయినప్పుడు నోట్లో కుడుము పెట్టుకున్నట్టు కూర్చున్నావు. ఎవురో ఊరూ పేరూ తెలియనిదానికి మాత్రం ఏడ్చి ఇచ్చినావు."

"ఆ పొద్దు నన్ను తోసింది నువ్వే."

"తోయలే. చెయ్యి పట్టుకున్నాను."

"పట్టుకుని వెనక్కి పెట్టినావు."

"తల్లి పోయిన దుఃఖంలో అవన్నీ ఎవురికి గుర్తుంటాయి వదినా?"

"నాకుండాయి."

మా ఆయన అంగడికి టైమైందని లేచిపోయాడు. ఇక వాళ్లమ్మను ఊరందరి ముందు తిట్టానని గొడవ పెట్టుకుంటుందనుకుని నేను కొంగు దోపుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి వేరే మాట ఎత్తింది.

"ఒప్పారిలో చెప్పింది నేను అడగను. అడగకూడదు. చెప్పింది కూడా నిజమే కదా, నాకు తెలీదా? అది కాదు. బొమ్మిడిలో ఇప్పటికీ నన్ను అడుగుతారు, మీ అమ్మకు పెద్ద కోడలు ఏడ్వలేదంట కదా అని. తొమ్మిదేండ్లుగా తలకాయ దించుకుంటా ఉండాను. ఇప్పుడు ఏడ్చినావు, సరే. మరి నీ పేరేది అందులో? పేరు లేకపోతే ఎవురి అమ్మకో ఎవురో ఏడ్చినట్టే కదా? ఆ అక్షరాలు నాకు రావు గానీ చివరిదాకా ఫోటోలు చూసినాను, వంటాయనది కూడా ఉండాది!"

"ఎనుము తోలుకొచ్చినాయనది కూడా ఉండాది" అన్నాను.

"చూసినాను. నంబరియ్యి."

ఆమే దర్శకుడి ఆఫీసుకు ఫోన్ చేసింది. నేను అయిదు ఉత్తరాల్లో చేయలేని పని అయిదు నిమిషాల్లో చేసింది. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

"నేను ఆ చచ్చిపోయినామె కూతుర్ని మాట్లాడతా ఉండాను" అంది.

"ఏ చనిపోయినావిడ మేడమ్?"

"మీ సినిమాలో."

"మేడమ్, ఆవిడ ఆర్టిస్టు. బాగానే ఉన్నారు."

"ఆర్టిస్టు కాదు నాయనా, మా అమ్మ. ఆ ఉప్పు డబ్బా మా ఇంటిది. తాళంతో సహా తెచ్చి చూపిస్తాను. అడక్కుండా మా అమ్మ సంగతులు సినిమాలో వేసినారు. మా వదిన పేరు వేస్తారా, నేను వకీలు దగ్గరికి పోయేదా?"

వాళ్లు భయపడ్డారు. నిజమైన మనిషి, నిజమైన కూతురు ఉన్నారని వాళ్లకు అప్పుడే తెలిసింది. పదిహేను రోజుల్లో కొరియర్లో ఒక కవరు వచ్చింది. నా పేరు వేస్తాం, జతచేసిన ఒప్పందంమీద సంతకం చేసి, ఒక సాక్షితో చేయించి పంపండి అని. సాక్షిగా నేనే ఉంటానని ఆడబిడ్డ మళ్లీ వచ్చింది. పట్టుచీర కట్టుకుని వచ్చింది.

ఒప్పందం మూడు పేజీలు, అంతా తెలుగులో ఉంది. ఆమెకు తెలుగు అక్షరం రాదు. ఎదురుగా కూర్చుని, "చదువు వదినా, ఒక మాట వదలకుండా చదువు" అంది. చదివాను. మొదటి పేజీలో నా పేరు, మా ఊరు, సినిమా పేరు. రెండో పేజీలో గొంతు నాదేనని, ఆఖరున పేర్లలో విడిగా ఒక వరుసలో వేస్తామని. అక్కడ ఆమె తల ఊపింది. మూడో పేజీ తిప్పాను.

అందులో ఇట్లా ఉంది: "పై సన్నివేశంలో నేను వినిపించిన విలాపం పూర్తిగా కల్పితమనీ, అందులోని మాటలు జీవించి ఉన్న లేక మరణించిన ఏ వ్యక్తికీ సంబంధించినవి కావనీ, అటువంటి వ్యక్తి ఎవరూ లేరనీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను." కింద నా సంతకానికి చోటు. దాని కింద సాక్షి సంతకానికి చోటు.

"ఏమి ఆగినావు?" అంది.

ఆమె ఆ ఫోన్ చేయకపోతే ఈ మూడో పేజీ ఉండేది కాదు. ఫోన్ చేయకపోతే మొదటి రెండు పేజీలూ ఉండేవి కావు. నిజం చదివితే ఆమె సంతకం చేయదు, నన్ను చేయనివ్వదు. కాగితం చించినా చించుతుంది. నా పేరు ఇక ఎప్పటికీ రాదు.

కాగితంమీద కళ్లు పెట్టుకునే చదివాను. "మా అత్త పోయినప్పుడు పెద్ద కోడలిగా నేను ఏడ్వవలసిన ఏడుపు ఇది, నేనే ఏడ్చినాను, అని రాసినారు."

"అమ్మ పేరు వేసినారా?"

"పేరు వేయరంట. అత్త అని రాసినారు."

"అత్త అంటే చాలు" అని కళ్లు తుడుచుకుంది. నేను సంతకం చేశాను. ఆమె నా కింద తమిళంలో, నిదానంగా, ప్రతి అక్షరం గుండ్రంగా, సాక్షి సంతకం పెట్టింది. వాళ్లమ్మ అనే మనిషి ఎవరూ లేరని చెప్పే కాగితం కింద. "ఆ పొద్దు నీ చెయ్యి పట్టుకుని ఉండకూడదు వదినా" అంది, కలం మూత పెడుతూ. ఇన్నేళ్లలో ఆమె నోట అట్లాంటి మాట వచ్చింది అదే మొదలు. నేను కవరు అంటించాను.

నెల తిరక్కుండా నా పేరు వచ్చింది. ఫోన్లో చూస్తే చివర్న ఒక వరుస, "విలాపం" అని, పక్కన నా పేరు. వంటవాళ్ల తర్వాత వేశారు. దాని గురించి ఒక ఉత్తరం రాశాను, జవాబు రావాలి. ఆడబిడ్డ ఆ వరుసను ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టి, మా అమ్మకు మా పెద్దవదిన ఏడ్చిన ఒప్పారి అని తమిళంలో రాసింది. ముప్పై మందికి పైగా దండాలు పెట్టారు. నన్ను రాతి గుండె అన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఎవరెవరో చూసి పెట్టుకున్నాను.

ఎవరి అబద్ధాన్నీ నేను ఊరికే వదిలిన మనిషిని కాను. ఆరు నెలలన్న అమ్మాయిని వదల్లేదు, పైలట్ అన్న కుర్రవాణ్ని వదల్లేదు. మూడో పేజీ దగ్గర నేను చదివింది కూడా వాటి పక్కనే రాసిపెట్టాలి గనక రాశాను. పేరు కావలసి వచ్చింది, చదివాను. మళ్లీ ఆ కాగితం వచ్చినా అట్లాగే చదువుతానేమో.

నేను ఇదంతా రాస్తున్నానని ఆడబిడ్డకు తెలుసు. మొన్న ఫోన్లో, "అమ్మ గురించి కూడా రాసినావు కదా? పుస్తకం వస్తే నేను వచ్చి రెండు దినాలు ఉంటాను. నువ్వే మొదటినుంచి చదివి వినిపించాల" అంది. రమ్మన్నాను. ఈ పేజీ వచ్చినప్పుడు ఏం చదవాలో ఇంకా అనుకోలేదు.